సర్కారు ఇచ్చే మాత్రలు, అంగన్‌వాడీ భోజనం: రోజూ ఏది ఎప్పుడు?
గర్భిణులు, బాలింతల కోసం ఒక పాఠం

ఎవరి కోసం: ఆరోగ్యలక్ష్మి పథకంలో పేరున్న గర్భిణులు, ఆరు నెలలలోపు బిడ్డ ఉన్న తల్లులు, వాళ్ల ఇంటివాళ్లు. చదవడం రాని అక్కచెల్లెళ్లకు పక్కవాళ్లు చదివి వినిపించండి.

మన పల్లెల్లో చాలా ఇళ్లలో ఒకే దృశ్యం కనిపిస్తుంది. అలమారలో ఆశ అక్క ఇచ్చిన ఐరన్ మాత్రల పత్తాలు విప్పకుండానే ఉంటాయి. పక్కనే, కూలి డబ్బులతోనో అప్పు చేసో కొన్న బలం పొడి డబ్బా ఉంటుంది. డబ్బా అయిపోగానే ఇంకోటి తెస్తారు. మాత్రలు మాత్రం గడువు దాటిపోతాయి.

గర్భిణికి రోజూ కావాల్సిన ఐరన్, ఫోలిక్ యాసిడ్, కాల్షియం సర్కారు ఉచితంగానే ఇస్తోంది. కొనాల్సింది దాదాపు ఏమీ లేదు. మనం చేయాల్సిందల్లా వాటిని సరైన వేళకు, సరైన తిండితో, రోజూ తప్పకుండా వేసుకోవడం. అది ఎలాగో ఇక్కడ చెబుతున్నాం.

ఎందుకింత పట్టింపు?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా, అంటే 57 శాతానికి మించి రక్తహీనతతో ఉన్నారు. రక్తం తక్కువగా ఉంటే ఆయాసం, నీరసం, కళ్లు తిరగడం ఉంటాయి. అసలు ప్రమాదం కాన్పు రోజున వస్తుంది. కాన్పులో అందరికీ కొంత రక్తం పోతుంది. ఒంట్లో రక్తం బాగున్న తల్లి దాన్ని తట్టుకుంటుంది. ముందే తక్కువగా ఉన్న తల్లికి అదే రక్తస్రావం ప్రాణం మీదికి రావచ్చు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువుతో పుట్టడం కూడా దీనివల్ల జరుగుతుంది. కాన్పు నాటికి రక్తం పెరగాలంటే నెలల ముందే మొదలుపెట్టాలి. చివరి వారంలో దానిమ్మ పండ్లు తెచ్చి పెడితే సరిపోదు.

మీకు ఉచితంగా అందేవి ఇవీ

1. మొదటి మూడు నెలలు: ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజుకు ఒకటి. బిడ్డ మెదడు, వెన్నుపాము ఏర్పడే సమయం ఇదే. అందుకే నెల తప్పిన వెంటనే ఏఎన్ఎం దగ్గర పేరు రాయించుకోవాలి.

2. నాలుగో నెల నుంచి: ఎర్రటి ఐరన్ ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజుకు ఒకటి. ఇందులో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. కాన్పుకు ముందు కనీసం 180 రోజులు, కాన్పు తర్వాత 180 రోజులు వేసుకోవాలి.

3. నాలుగో నెల నుంచే: కాల్షియం మాత్రలు రోజుకు రెండు. ఒక్కో దాంట్లో 500 మిల్లీగ్రాముల కాల్షియం, కొంత విటమిన్ డి ఉంటాయి. ఇవి కూడా కాన్పు తర్వాత ఆరు నెలల వరకు వేసుకోవాలి.

4. నట్టల మాత్ర: నాలుగు నుంచి ఆరో నెల మధ్యలో ఒకసారి, ఏఎన్ఎం చెప్పినప్పుడు. కడుపులో నులిపురుగులు ఉంటే తిన్న బలం వాటికే పోతుంది.

5. ఆరోగ్యలక్ష్మి భోజనం: 2015 నుంచి మన రాష్ట్రంలో నడుస్తున్న పథకం ఇది. అంగన్‌వాడీ కేంద్రంలో ఒక పూట నిండు భోజనం, ఉడికించిన గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. భోజనంతో పాటు ఐరన్ మాత్ర కూడా ఇస్తారు.

లెక్క వేసి చూడండి. కాన్పుకు ముందు, తర్వాత కలిపి ఐరన్ మాత్రలు 360, కాల్షియం మాత్రలు 720. ఇవన్నీ మీ చేతికి ఉచితంగా వచ్చేవే.

రోజువారీ పద్ధతి

ఐరన్‌కు, కాల్షియంకు ఒకదానితో ఒకటి పడదు. రెండూ ఒకేసారి వేసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. మధ్యలో కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు, మిగతా పద్ధతి సులువు.

ఉదయం: టిఫిన్ లేదా సద్ది తిన్న తర్వాత ఒక కాల్షియం మాత్ర.

మధ్యాహ్నం: అంగన్‌వాడీలో భోజనం, ఐరన్ మాత్ర. అన్నంలోకి నిమ్మకాయ పిండుకోండి, లేదా తర్వాత ఒక జామకాయ తినండి. పులుపులో ఉండే విటమిన్ సి ఐరన్‌ను ఒంటికి పట్టిస్తుంది.

సాయంత్రం: చాయ్ తాగే అలవాటుంటే ఇప్పుడు తాగండి. అన్నం తిన్న వెంటనే, మాత్ర వేసుకున్న వెంటనే చాయ్ తాగితే అందులోని వగరు ఐరన్‌ను పట్టనివ్వదు. అటు గంట, ఇటు గంట ఎడం పెట్టండి.

రాత్రి: భోజనం తర్వాత రెండో కాల్షియం మాత్ర.

పాల సంగతి: పాలల్లోనూ కాల్షియమే ఉంటుంది. అందుకని ఐరన్ మాత్రను పాలతో మింగవద్దు, నీళ్లతోనే మింగండి. పాలు ముందుగా తాగి మాత్ర ఆలస్యంగా వేసుకోవడమా, మాత్ర ముందు వేసుకుని పాలు తర్వాత తాగడమా అన్నది మీ టీచర్‌తో మాట్లాడి పెట్టుకోండి. ఎడం కుదరని రోజు మాత్ర మానేయకండి. కొంచెం తక్కువ పట్టినా, అసలు వేసుకోకపోవడం కంటే నయమే.

ఆదివారం, పండుగ రోజు, పుట్టింటికి వెళ్లిన రోజుల కోసం మాత్రలు ముందుగానే అడిగి తీసుకోండి. మాత్రల వరస ఎక్కువగా తెగేది ఈ రోజుల్లోనే.

ఒక రోజు మరిచిపోతే? మర్నాడు ఎప్పటిలాగే ఒకటే వేసుకోండి. నిన్నటిది కలిపి రెండు మింగకండి.

"అక్కా, మాత్ర వేస్తే పడ్తలేదు"

మాత్ర మానేయడానికి చెప్పే కారణాలు దాదాపు ఇవే. ఒక్కోదానికి జవాబు చూద్దాం.

"వాంతి వచ్చినట్టు అవుతది." పరగడుపున వేసుకుంటే కొందరికి అలా అవుతుంది. కడుపు నిండా తిన్న తర్వాత వేసుకోండి. అయినా తగ్గకపోతే రాత్రి పడుకునే ముందు వేసుకోండి. అప్పుడు రెండో కాల్షియం మాత్రను సాయంత్రానికి జరపండి. మొదటి కొన్ని రోజుల తర్వాత చాలామందికి అలవాటైపోతుంది.

"విరోచనం నల్లగా వస్తోంది." అది ఐరన్ రంగు. భయపడాల్సింది లేదు. ఎర్రటి రక్తం కనిపిస్తే మాత్రం దవాఖానకు వెళ్లాలి.

"మలబద్ధకం." నీళ్లు ఎక్కువగా తాగండి. తోటకూర, పాలకూర, జామకాయ, జొన్నరొట్టె తినండి. కొంచెం నడవండి.

"మాత్రతో బిడ్డ నల్లగా పుడతదట." నిజం కాదు. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. మాత్రకు దానితో సంబంధం లేదు.

"బిడ్డ పెద్దగా పెరిగి కాన్పు కష్టమైతదట." ఇదీ నిజం కాదు. రక్తం బాగున్న తల్లికే కాన్పులో ముప్పు తక్కువ.

"పొడి తాగుతున్న కదా, మాత్ర ఎందుకు?" డబ్బా వెనక ఏమేం కలిపారో చూడండి. చాలా పొడుల్లో ఎక్కువ భాగం ధాన్యం పిండి, చక్కెర. అవి ఐరన్ మాత్రకు బదులు కావు. ఆ డబ్బుతో పప్పు, గుడ్లు, పండ్లు కొంటే ఇంటిల్లిపాదీ తింటారు. డాక్టర్ రాసిన ప్రొటీన్ పొడి అయితే వేరే సంగతి, దాన్ని డాక్టర్‌ను అడగకుండా మానకండి.

ఒక జాగ్రత్త: షాపులో ఐరన్ టానిక్ కొని, సర్కారు మాత్ర కూడా కలిపి వేసుకోకండి. రెండింటిలో ఉన్నది ఒకటే మందు.

పైసలు ఎక్కువ పెట్టకుండా వంటింట్లో ఏం చేయొచ్చు

మునగాకు: పెరట్లోనో, పక్కింటి గోడ దగ్గరో చెట్టు ఉంటుంది. పప్పులో ఒక పిడికెడు వేయండి.

తైదలు: అంటే రాగులు. కాల్షియం బాగా ఉన్న ధాన్యం. అంబలి, జావ, రొట్టె, ఏదైనా సరే. జావను ఐరన్ మాత్ర వేళకు కాకుండా పొద్దున తాగండి.

పల్లీలు, నువ్వులు: దంచి కొంచెం బెల్లం కలిపి చిన్న ముద్ద చేసుకోండి. బెల్లం ఒక్కటే తింటే రక్తం పెరుగుతుందని అనుకోవద్దు, అది మాత్రకు సాటి రాదు. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం లేకుండా తినండి.

పప్పు, శనగలు, బొబ్బర్లు: అన్నంతో కలిపి రోజూ ఒక పూటైనా ఉండాలి. శనగలు నానబెట్టి మొలకెత్తించి, ఉడికించి తింటే ఇంకా మంచిది.

ఉసిరి, నిమ్మ, జామ: కాలాన్ని బట్టి ఏది చవకగా దొరికితే అది.

గుడ్డు, చేపలు, మాంసం: తినేవాళ్లు మానొద్దు. మాంసంలోని ఐరన్ ఒంటికి తొందరగా పడుతుంది.

రేషన్ బియ్యం: కొన్నిసార్లు అందులో అక్కడక్కడా కొంచెం తేడాగా కనిపించే గింజలు ఉంటాయి. "ప్లాస్టిక్ బియ్యం" అని ఏరి పారేస్తున్నారు. అవి ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపిన పోషక గింజలు. బియ్యం పిండితోనే చేస్తారు. వందకు ఒకటి చొప్పున కలుపుతారు. నీళ్లలో తేలినా పారబోయకండి, అన్నంతో పాటు వండుకోండి.

గుడ్డు, పాలు మీ పేరు మీద వచ్చినవి. ఇంట్లో పిల్లలకు పెట్టి తల్లి పస్తు ఉండటం మన దగ్గర మామూలే. అందుకే ఈ భోజనం కేంద్రంలోనే కూర్చుని తినమంటారు. చిన్నపిల్లలకు అంగన్‌వాడీలో వాళ్ల వాటా వేరే ఉంటుంది, అడిగి తీసుకోండి.

కాన్పు తర్వాత పథ్యం

"కాన్పు అయింది, ఇంక మాత్రలెందుకు" అని ఆపేసే వాళ్లు చాలామంది. కాన్పులో పోయిన రక్తం మళ్లీ రావాలి, బిడ్డకు పాలు పడాలి. మాత్రలు ఇంకో ఆరు నెలలు వేసుకోవాల్సిందే. పథ్యం పేరుతో బాలింతకు వట్టి కారం మెతుకులు పెట్టి పప్పు, ఆకుకూర, గుడ్డు, నీళ్లు తగ్గించడం మంచిది కాదు. అత్తమ్మలూ, అమ్మమ్మలూ, ఈ మాట మీ కోసమే. మీరు ప్రేమతోనే చెబుతారు. ఆ ప్రేమను పళ్లెంలోకి పప్పు, ఆకుకూరగా వడ్డించండి.

రక్తపరీక్ష అంకె అడిగి తెలుసుకోండి

ఏఎన్ఎం వేలి నుంచి చుక్క రక్తం తీసినప్పుడు "ఎంత ఉందమ్మా?" అని అడగండి. కార్డు మీద రాయించుకోండి.

11 లేదా అంతకన్నా ఎక్కువ: బాగుంది. రోజుకు ఒక ఐరన్ మాత్ర కొనసాగించండి.

11 కన్నా తక్కువ: రక్తహీనత ఉంది. సాధారణంగా రోజుకు రెండు ఐరన్ మాత్రలు చెబుతారు. ఏఎన్ఎం లేదా డాక్టర్ చెప్పాకే పెంచండి. నెల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకోండి. కనీసం ఒక పాయింట్ పెరగాలి. పెరగకపోతే పెద్ద దవాఖానకు పంపమని అడగండి.

7 కన్నా తక్కువ: తీవ్రం. మాత్రలతో ఇంట్లో ఆగకండి. అదే రోజు దవాఖానకు వెళ్లండి.

వీళ్లు ముందే డాక్టర్‌కు చెప్పాలి

సికిల్ సెల్, తలసేమియా ఉన్నవాళ్లు, లేదా ఇంట్లో ఎవరికైనా ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే ఐరన్ వేసుకోవాలి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు దానికీ, ఐరన్, కాల్షియం మాత్రలకూ మధ్య నాలుగు గంటల ఎడం పెట్టాలి. గ్యాస్ మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి ఏఎన్ఎంకు చెప్పాలి.

పిల్లలకు అందనీయకండి. ఎర్రటి మాత్ర చూడ్డానికి చాక్లెట్‌లా ఉంటుంది. చిన్నపిల్లలు నాలుగైదు మింగినా ప్రాణానికి ముప్పు. తాళం వేసిన పెట్టెలోనో, ఎత్తైన చోటో పెట్టండి. పిల్లలు మింగారని అనుమానం వస్తే 108కి ఫోన్ చేయండి, ఆలస్యం చేయొద్దు.

మీకు అందకపోతే ఏం చేయాలి

మాత్రలు అయిపోయాయన్నా, భోజనం పెట్టడం లేదన్నా, పాలు, గుడ్డు తక్కువ వస్తున్నా ముందు టీచర్‌ను, ఏఎన్ఎంను అడగండి. అప్పటికీ రాకపోతే అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌కు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారికి చెప్పండి. గ్రామసభలో అడగండి. కలెక్టరేట్‌లో ప్రజావాణి రోజున రాసి ఇవ్వొచ్చు. రాసిచ్చేటప్పుడు ఏ తేదీ నుంచి, ఏది అందలేదో స్పష్టంగా రాయండి. మీ వాటా మీరు అడుగుతున్నారు, మొహమాటం అక్కర్లేదు.

గోడ మీద క్యాలెండర్ ఉంటే ఇలా చేయండి

ఐరన్ వేసుకున్న రోజు ఒక గీత, రెండు కాల్షియం మాత్రలు వేసుకున్నాక ఒక చుక్క. నెలాఖరుకు గీతలు లెక్కపెట్టండి. 25 దాటితే బాగా చేస్తున్నట్టు. తక్కువ ఉంటే ఏ రోజుల్లో తప్పిందో చూసి, ఆ రోజులకు మాత్రలు ముందే పక్కన పెట్టుకోండి. ఈ గీతలు పెట్టే పని భర్తకు అప్పజెప్పండి. మాత్ర గుర్తుచేసే బాధ్యత ఆయనకూ ఉంది.

ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి మహిళా సంఘం గ్రూపులో పంపండి. ఫోన్ లేని ఇంట్లో గర్భిణి ఉంటే ఈరోజే వెళ్లి చదివి వినిపించండి.