పొద్దు గుంకితే బెలూన్ ఎందుకు దిగుతుంది?

హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. సమీపాన టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రిసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉంది. 1969లో నెలకొన్న ఈ కేంద్రం నుంచి, పలుచని ప్లాస్టిక్‌తో చేసిన బ్రహ్మాండమైన బెలూన్లకు పరికరాలు కట్టి పైకి వదులుతారు. 2005 ఏప్రిల్‌లో ఇక్కడి నుంచి లేచిన ఒక బెలూన్ 459 కిలోల సామగ్రిని మోసుకుపోయింది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులలోని గాలి నమూనాలను ఆ పరికరాలు సేకరించాయి.

ఇలా ఆకాశంలో తేలే బెలూన్‌కు సాయంకాలం ఒక గండం ఉంది. పొద్దు గుంకగానే అది కిందికి దిగసాగుతుంది. చిల్లు పడలేదు, బరువూ పెరగలేదు. మరి కారణమేమిటి?

సీసాతో ప్రయోగం

గౌలిపురలో ఏ ఇంట్లోనైనా ఒక ఖాళీ సోడా సీసా దొరుకుతుంది. దాని మూతికి రబ్బరు బుడగ తొడగండి. స్నానానికి పెట్టుకునేంత వేడినీళ్లున్న గిన్నెలో సీసాను నిలపండి. (మరిగే నీళ్లు వద్దు, గాజు పగులుతుంది.) వేలాడుతున్న బుడగ మెల్లగా లేచి నిలబడుతుంది. సీసాను కుండలోని చల్లని నీళ్లలో పెడితే మళ్లీ వాలిపోతుంది.

లోపలి గాలి ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. వేడికి అణువుల వేగం హెచ్చింది. పీడనం మారకుండా ఉండాలంటే వాటికి ఎక్కువ చోటు కావాలి. అందుకే గాలి వ్యాకోచించింది.

ఎంత పెరుగుతుంది?

స్థిరపీడనం వద్ద, ప్రతి సెల్సియస్ డిగ్రీకి వాయువు ఘనపరిమాణం, 0 డిగ్రీల వద్ద ఉన్నదానిలో సుమారు 273వ వంతు చొప్పున పెరుగుతుంది. ఫ్రాన్సు దేశస్థుడు ఛార్లెస్ 1787 ప్రాంతంలో దీనిని పరిశీలించాడు కాని ప్రకటించలేదు. 1802లో గే-లూసాక్ ప్రకటిస్తూ ఛార్లెస్ పేరు చెప్పాడు.

ఇక్కడ విద్యార్థులు తరచు పొరబడుతుంటారు. 20 డిగ్రీల వాయువును 40 డిగ్రీలకు వేడిచేస్తే ఘనపరిమాణం రెట్టింపు కాదు! సెల్సియస్ అంకెకు 273 కలిపి, పరమ ఉష్ణోగ్రతలో లెక్కించాలి. 293 కెల్విన్‌ల నుంచి 313కు పెరిగింది, అంటే సుమారు 7 శాతమే.

గౌలిపురలో జనవరి తెల్లవారుజామున 13 డిగ్రీలు, మే మధ్యాహ్నం 42 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. పీడనం మారకపోతే 286 లీటర్ల చలికాలపు గాలి ఎండాకాలంలో 315 లీటర్లవుతుంది. ఇంచుమించు పదో వంతు ఎక్కువ!

మళ్లీ బెలూన్ దగ్గరికి

ఇలాంటి బెలూన్ల అడుగున గొట్టాలు తెరిచి ఉంటాయి. కాబట్టి లోపలి పీడనం, బయటి పీడనం దాదాపు సమానం. పగలు ఎండకు వాయువు వ్యాకోచించి, ఎక్కువైనది గొట్టాల గుండా బయటికి పోతుంది. పొద్దు గుంకాక మిగిలిన వాయువు చల్లబడి సంకోచిస్తుంది. బెలూన్ తొలగించే గాలి తగ్గుతుంది, దాన్ని పైకెత్తే బలమూ తగ్గుతుంది. బరువు మాత్రం తగ్గదు!

ఉదాహరణకు, వాయువు 240 కెల్విన్‌ల నుంచి 228కి చల్లబడితే ఘనపరిమాణం 5 శాతం తగ్గుతుంది. బెలూన్, వాయువు, పరికరాలు కలిసి 1000 కిలోలుంటే, అదే ఎత్తున నిలవడానికి సుమారు 50 కిలోలు వదిలించుకోవాలి. అందుకే రాత్రి కూడా తేలవలసిన బెలూన్‌కు సన్నని ఇనుప గుళ్ల వంటి అదనపు బరువు ముందే కట్టి పంపుతారు. సాయంత్రం నేలమీది నుంచి రేడియో ఆజ్ఞతో వాటిని జారవిడుస్తారు. లెక్క తప్పితే పరికరాలూ, పరిశోధనా రెండూ నేలకు దిగుతాయి.

మీరే చేయండి

1. 27 డిగ్రీల సెల్సియస్ వద్ద 600 మిల్లీలీటర్లున్న వాయువు, స్థిరపీడనం వద్ద 77 డిగ్రీలకు ఎంతవుతుంది?
2. ఆ వాయువు రెట్టింపు కావాలంటే ఎన్ని డిగ్రీలకు వేడిచేయాలి?

(జవాబులు: 1. 700 మిల్లీలీటర్లు, 2. 327 డిగ్రీల సెల్సియస్)