ఛార్జింగ్ తింటున్న యాప్ ఏదో కనిపెడదాం



పురుగు పండే రోజు ఫోన్ ఆఫ్ అయిపోతే ఎంత తిప్పలో మనందరికీ తెలిసిందే. కూలీలను పిలవాలి, చంద్రికలు సర్దాలి. ఆలస్యమైతే పురుగు పడకలోనే గూడు కట్టేస్తుంది. గూళ్లు విడిపించాక ధర్మపురి మార్కెట్టుకు బండి మాట్లాడాలి, ముందు రోజు ధర కనుక్కోవాలి. అన్నీ ఫోన్ మీదే. అందుకే ఈసారి పాఠం బ్యాటరీ గురించి. కొత్త ఫోన్ కొనే ముందు ఈ పని చేసి చూడండి, పైసా ఖర్చు లేదు.

ఎలా చూడాలి?

1. సాయంత్రం, ఛార్జింగ్ పెట్టకముందు, సెట్టింగ్స్ తెరిచి ‘బ్యాటరీ’ నొక్కండి. మెనూ తమిళంలో ఉన్నా పక్కన బ్యాటరీ బొమ్మ ఉంటుంది.

2. అందులో ‘బ్యాటరీ యూసేజ్’ తెరవండి. యాప్‌ల పేర్లు, పక్కన శాతాలు వస్తాయి. ఎక్కువ తిన్నది పైన ఉంటుంది.

3. అనుమానం ఉన్న పేరు మీద నొక్కండి. మనం తెరిచి వాడింది ఎంతసేపు, వెనకాల (బ్యాక్‌గ్రౌండ్‌లో) నడిచింది ఎంతసేపు అని చాలా ఫోన్లలో విడివిడిగా చూపిస్తుంది.

ఎలా అర్థం చేసుకోవాలి?

నాలుగో జ్వరం లేచిన పురుగు గంపలకు గంపలు ఆకు తింటే మనం దిగులుపడం. కానీ జ్వరంలో ఉన్న పడకలో ఆకు మాయమైతే ఏదో తేడా ఉన్నట్టే. యాప్ కూడా అంతే. రెండు గంటలు వీడియోలు చూస్తే ఛార్జింగ్ తగ్గడం న్యాయమే. మనం తెరవకుండానే గంటల తరబడి వెనకాల నడిచిన యాప్ ఉంటే, అదే దొంగ. మార్కెట్టుకు దారి చూపించమని పెట్టి ఆపడం మరిచిపోయిన మ్యాప్, ఎప్పుడో వేసుకున్న ఆటలు ఇలా దొరుకుతుంటాయి.

ఏం చేయాలి?

అక్కర్లేని యాప్ తీసేయండి. కావాలనుకుంటే దాని బ్యాటరీ సెట్టింగులో ‘రిస్ట్రిక్టెడ్’ పెట్టండి. లొకేషన్ ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ అని మార్చండి. వాట్సాప్‌కు మాత్రం ‘రిస్ట్రిక్టెడ్’ పెట్టొద్దు, మెసేజీలు ఆలస్యంగా వస్తాయి. మేత టైముకు లేపే అలారం యాప్ జోలికీ పోవద్దు. బ్యాటరీ ఆదా చేస్తామనే యాప్‌లు వేసుకోకండి, అవి కూడా ఛార్జింగ్ తినేవే.

ఏ యాప్ తప్పూ కనిపించకపోతే సిగ్నల్ చూడండి. రేకుల షెడ్డులో సిగ్నల్ అందకపోతే ఫోన్ దాన్ని వెతుక్కుంటూనే ఛార్జింగ్ ఖర్చు చేస్తుంది. షెడ్డు బయట సిగ్నల్ ఉన్న చోట, నీడలో పెట్టండి. చాకీ గదిలో హీటరు పక్కన ఛార్జింగ్ పెట్టొద్దు, వేడికి బ్యాటరీ పాడవుతుంది.

ఈ రాత్రి ఆఖరి మేత వేశాక ఒకసారి చూడండి. పైన కనిపించిన మూడు యాప్‌ల పేర్లు, శాతాలు గ్రూపులో రాయండి. ఏది ఉంచాలో, ఏది ఆపాలో అందరం కలిసి చూద్దాం. పురుగు పండే రోజుకి మాత్రం ఫోన్ నిండుగా ఉండాలి.