మెదడు ఎంజైమును చేసిపెట్టే బాక్టీరియా

దూలగొండి కాయ ఎప్పుడైనా మీ ఒంటికి తగిలిందా? తగిలి ఉంటే ఆ రోజును మీరు మరచిపోయి ఉండరు! దురద పుట్టించేది కాయ మీది సన్నని నూగు. లోపలి గింజల సంగతి వేరు. వాటి నుంచి ‘ఎల్-డోపా’ అనే పదార్థాన్ని వేరుచేసినట్లు మద్రాసులో పనిచేసిన దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు 1937లో ప్రకటించారు. విచిత్రమేమంటే, మీరు ఈ వాక్యం చదువుతుండగా మీ మెదడు కూడా ఆ పదార్థాన్నే తయారుచేసుకుంటోంది.

ఎందుకో చూద్దాం. మెదడులో ఒక నాడీకణానికీ దాని పక్క కణానికీ నడుమ చాలా సన్నని ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని దాటి కబురు మోసుకుపోయే రసాయనాలను నాడీ ప్రసారకాలు అంటారు. డోపమిన్ అలాంటిదే. మనం అనుకున్నట్లు కాళ్ళూ చేతులూ కదలటానికి అది కావాలి. పార్కిన్‌సన్ వ్యాధిలో డోపమిన్‌ను తయారుచేసే కణాలు నశిస్తాయి. చేతులు వణుకుతాయి, నడక మందగిస్తుంది.

డోపమిన్ తయారీకి ముడిసరుకు టైరోసిన్ అనే అమినో ఆమ్లం. మనం తినే పప్పు, పాలు, గుడ్లలోని ప్రోటీన్ల నుంచి అది లభిస్తుంది. తయారీలో మెట్లు రెండే. మొదట టైరోసిన్‌కు ఒక ఆక్సిజన్ పరమాణువు చేరి ఎల్-డోపా అవుతుంది. తరువాత దానిలోంచి కార్బన్ డయాక్సైడ్ ఊడిపోయి డోపమిన్ మిగులుతుంది. మొదటి మెట్టును నడిపించే ఎంజైము టైరోసిన్ హైడ్రాక్సిలేజ్. దీనిని 1964లో నగాట్సు, లెవిట్, ఉడెన్‌ఫ్రెండ్ కనుగొన్నారు. ఇది పనిచేయాలంటే ఇనుము, ఆక్సిజన్‌తోపాటు టెట్రాహైడ్రోబయోప్టెరిన్ అనే సహాయక పదార్థం కూడా ఉండాలి. (ఈ పేరు పలకటానికి ఎవరికైనా ఒకటి రెండుసార్లు నోరు తిరగదు లెండి!)

రెండు మెట్లలో నెమ్మదైనది మొదటిదే. పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాళ్ళు ఎంతమంది ఉన్నా, అన్నం వార్చేవాడు ఒక్కడే అయితే పంక్తి అంతా అతని కోసం ఆగవలసిందే గదా! ఇక్కడా అంతే. పైగా డోపమిన్ ఎక్కువైతే అదే వచ్చి ఎంజైములోని ఇనుమును పట్టుకుని పని ఆపేస్తుంది. మళ్ళీ అవసరం వచ్చినప్పుడు కణం ఆ ఎంజైముకు ఒక ఫాస్ఫేటును తగిలిస్తుంది. అప్పుడు డోపమిన్ పట్టు సడలుతుంది.

ఇదంతా తెలుసుకోవాలంటే స్వచ్ఛమైన ఎంజైము చేతిలో ఉండాలి. దాని కోసం మనిషి మెదడును కోయలేం గదా! తొలిరోజుల్లో పశువుల అధివృక్క గ్రంథుల నుంచి తీసేవారు. దొరికేది కొద్దిగా, అదీ త్వరగా పాడయ్యేది. మానవ ఎంజైమే కావాలంటే మరో దారి వెతకాలి.

ఆ దారి చూపింది మన ప్రేగుల్లో ఉండే ఇ. కొలై అనే బాక్టీరియా. దానికి మెదడంటే ఏమిటో తెలియదు. కానీ డి.ఎన్.ఏ. లిపి మనకూ దానికీ ఒకటే. ఒక్క చిక్కుంది. మన జన్యువులో అవసరమైన భాగాల మధ్య అక్కరలేని ముక్కలుంటాయి. వాటిని కత్తిరించటం బాక్టీరియాకు చేతకాదు. అందుచేత మన కణం అప్పటికే కత్తిరించి సిద్ధం చేసుకున్న ఆర్.ఎన్.ఏ. నుంచి డి.ఎన్.ఏ. నకలు తీస్తారు. దానిని ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఏ. వలయంలో అతికి బాక్టీరియాలోకి పంపుతారు. ఇలా తయారైన ఎంజైమును ‘పునఃసంయోజక ఎంజైము’ అంటారు. అనుకూలమైన పరిస్థితుల్లో ఇ. కొలై ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. ఒక్క రాత్రిలో ఫ్లాస్కు నిండుతుంది. తరువాత కణాలను పగలగొట్టి, అందులోని వేలరకాల ప్రోటీన్ల నుంచి మనకు కావలసినదాన్ని వడకట్టాలి. ఓపికంతా ఇక్కడే కావాలి.

ఇంత శ్రమపడి చేసిన ఎంజైమును రోగికి ఎక్కించవచ్చుగా అని మీరడగవచ్చు. తింటే పప్పులాగే జీర్ణమైపోతుంది. రక్తంలోకి ఎక్కించినా, రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడను దాటలేదు. డోపమిన్ కూడా దాటలేదు. దాటగలిగేది ఎల్-డోపా. అందుకే పార్కిన్‌సన్ వ్యాధికి దానిని మందుగా ఇస్తారు. (అలాగని దూలగొండి గింజలు నమలబోకండి! మోతాదు వైద్యుడు నిర్ణయించవలసిందే.)

మరి పరీక్షనాళికలోని ఎంజైము ఎవరికి పనికొచ్చింది? కండరాలు బిగుసుకుపోయే ఒక అరుదైన వంశపారంపర్య వ్యాధి ఉంది. అది ఉన్న ఇద్దరు రోగుల జన్యువులో ఒక చిన్న తేడా కనిపించింది. 497 అమినో ఆమ్లాల ఎంజైములో 381వ స్థానంలో గ్లుటమిన్‌కు బదులు లైసిన్ వస్తోంది. నేరం ఈ ఒక్క మార్పుదేనా? తేల్చటానికి మామూలు ఎంజైమునూ, మారిన ఎంజైమునూ ప్రయోగశాలలో విడివిడిగా తయారుచేసి పోల్చారు. మారినది టైరోసిన్‌ను గట్టిగా పట్టుకోలేకపోతోంది. మెదడులో ఉండేపాటి టైరోసిన్‌తో అది చేయగలిగిన పని సుమారు 15 శాతమే! ఈ ఫలితాన్ని 1995లో ప్రకటించారు. రోగుల్లో రెండవ మెట్టు చెక్కుచెదరలేదు. కనుక ఎల్-డోపా ఇస్తే మొదటి మెట్టును దాటించినట్లే. నిజంగానే ఈ వ్యాధి ఆ మందుకు లొంగుతుంది.

ఈ వ్యాధి రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా చెడిన జన్యువే అందాలి. ఒక్క చెడు ప్రతి ఉన్న తల్లిదండ్రులకు వ్యాధి ఎందుకు రాదు? మీ పుస్తకంలో మెండెల్ బఠానీల పాఠం తీసి, రాబోయే బిడ్డల్లో ఎందరికి వచ్చే అవకాశముందో లెక్కకట్టి చూడండి.