ఫోను రాని ఊళ్ళు

చిరంజీవి బాబుకి,

పాడేరు వైపు 108 నంబరు అంబులెన్సు బండ్లకు సూపర్‌వైజరువి అయ్యావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కొత్తగా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు బండ్ల కండిషను చూస్తారు, డీజిలు లెక్క చూస్తారు, ఫోను వచ్చిన ఎంతసేపటికి బండి చేరిందో చూస్తారు. నువ్వూ చూడు, తప్పదు. కానీ ఏజెన్సీ ఆసుపత్రుల్లో నర్సుగా చేసి రిటైరైనదాన్ని కాబట్టి నేనొకటి అడుగుతాను. నీకు ఏయే ఊళ్ళ నుంచి అసలు ఫోన్లే రావడం లేదు?

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 మొదలైంది. నంబరు ఎవరైనా నొక్కవచ్చు, డబ్బు అడగరు. ఇంత మంచి పని మన రాష్ట్రంలో తక్కువే జరిగింది. అయితే నీ రికార్డుల్లో ఉండేది ఫోను చేసినవాళ్ళ లెక్కే కదా. ముంచంగిపుట్టు, పెదబయలు మండలాల్లో కొండ మీద కోందు, పోర్జ, గదబ గూడేలున్నాయి. కొన్నిటికి సిగ్నల్ లేదు, కొన్నిటికి రోడ్డు లేదు. ఆ రెండూ నీ చేతిలోవి కావు. మూడో కారణం మాత్రం నీ చేతిలోదే: ఫోను చేస్తే అవతలివాళ్ళకి మన మాట అర్థం కాదు, వచ్చినవాళ్ళు కసురుకుంటారు అన్న జంకు.

ఒకసారి ఒక కోందు అమ్మాయిని డోలీలో రోడ్డుదాకా దించి, అక్కణ్ణుంచి బండిలో మా దగ్గరికి తెచ్చారు. తొలి కాన్పు. కాగితం మీద ‘నొప్పులు 2 గంటల నుంచి’ అని ఉంది. బండిలో వైద్యం చూసే ఈఎంటీ తెలుగులో అడిగాడు, ఆ పిల్ల తలూపింది. పది గంటలా అన్నా ఊపేదే. మా ఆయా ఆదివాసీ ఒడియాలో వాళ్ళ అత్తని అడిగితే అసలు సంగతి బయటపడింది. నొప్పులు మొన్న రాత్రి మొదలయ్యాయి, ఉమ్మనీరు నిన్న పొద్దున్నే పోయింది. ఆ ముక్క ముందే తెలిస్తే బండి మా దగ్గర ఆగకుండా నేరుగా పెద్దాసుపత్రికి పోయేది. పైగా బండిలో ఉన్న ఇద్దరూ మగవాళ్ళే. దారి పొడుగునా ఆ పిల్ల కుచ్చిళ్ళు పిడికిట్లో బిగించి పట్టుకుందట, చెయ్యి వెయ్యనివ్వలేదట. తల్లీబిడ్డా బతికారనుకో. ఆ ఈఎంటీ చెడ్డవాడేం కాదు, పని బాగా తెలిసినవాడు. ఆ ఇంటి భాష రాదు, అంతే.

అందుకని బండిలో ఎవరున్నారన్నది కూడా వైద్యంలో భాగమే అంటాను. ఉద్యోగాలిచ్చేది నువ్వు కాదు, తెలుసు. డ్యూటీ చార్టు వేసేది నువ్వే. నీ మనుషుల్లో కోందుల కువి, ఆదివాసీ ఒడియా ఎవరికి వచ్చో ఎప్పుడైనా అడిగావా? బయోడేటాలో తెలుగు, ఇంగ్లీషు, హిందీ అని రాస్తారు. ఇంట్లో అమ్మతో మాట్లాడే భాష రాయడానికి మన పిల్లలకి నామోషీ. నువ్వే నోరు తెరిచి అడుగు, ఆ భాష వచ్చినవాళ్ళని ఆ దారి బండి మీద వెయ్యి.

కొత్త ఖాళీలు వస్తే ‘చదువుకున్నవాళ్ళు దొరకరు’ అంటారు, నమ్మకు. ఏజెన్సీలో టీచరు ఉద్యోగాలన్నీ గిరిజనులకే అన్న జీవో నంబరు 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేశాక, టీచరు ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్న ఏజెన్సీ పిల్లలు డిగ్రీలు పట్టుకుని ఇళ్ళల్లో కూర్చున్నారు. నర్సింగు చదివి మైదానంలో ప్రైవేటు ఆసుపత్రుల్లో నైటు డ్యూటీలు చేస్తున్నవాళ్ళూ ఉన్నారు. ఖాళీ పడితే కబురు వాళ్ళదాకా వెళ్ళేలా చూడు.

ఆడపిల్లలు స్ట్రెచరు మొయ్యలేరని కూడా అంటారు. కొండ మీంచి కట్టెల మోపు దించేది ఎవరో వాళ్ళని అడుగు. నాగపూరు ఫైర్ కాలేజీలో 2002లో హర్షిణీ కన్హేకర్ చేరేదాకా అక్కడ ఒక్క ఆడపిల్లా చదవలేదు. చేరింది, చదివింది, మంటలార్పింది. నన్నడిగితే అసలు అడ్డం బరువు కాదు, బాత్రూము. రాత్రి బండి ఆపుకునే చోట గడియపడే తలుపు, నీళ్ళు, ఒక లైటు లేకపోతే ఆ పిల్ల సాయంత్రం నుంచీ నీళ్ళు తాగడం మానేస్తుంది. ఆర్నెల్లకి ఉద్యోగమూ మానేస్తుంది. అప్పుడు ‘చూశారా, ఆడవాళ్ళు నిలబడరు’ అంటారు. ముందు గడియ పెట్టించు, తరవాత చార్టు వెయ్యి.

ఒక కోందు అమ్మాయి చేరిందనుకో, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి స్టేజీ ఎక్కించి శాలువా కప్పి సరిపెట్టకు. తన డ్యూటీ దిగి పడుకున్నాక కూడా ‘ఈ పేషెంటు ఏమంటోందో చెప్పమ్మా’ అని అన్ని బండ్ల వాళ్ళూ ఫోను చేస్తారు. అదీ పనే, దానికీ లెక్క ఉండాలి. ఇంకా ముఖ్యం, ఒంటరిగా ఉంచకు. ఒకరే ఉంటే ఆమె తప్పు చేసిన రోజున తిట్లు ఆమెకి కాదు, ఆమె జాతికి తగులుతాయి.

నర్సీపట్నం వైపు మైదానం కేసులకి బండి నడిపే పైలట్లకి ఒక మాట చెప్పు. బండి రామాలయం దగ్గర ఆపి ‘ఇక్కడిదాకా తీసుకురండి’ అంటే కుదరదు. ఎస్సీ కాలనీ చివరి ఇల్లు కూడా అడ్రసే. చెవిటి, మూగవాళ్ళున్న ఇళ్ళకి ఆశా కార్యకర్తల చేత చెప్పించు: కొత్త బటన్ ఫోన్లలో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకుంటే 112కి పోతుంది, విడిగా నంబరు నొక్కక్కర్లేదు. హైదరాబాదులో 2024 డిసెంబరులో 39 మంది ట్రాన్స్‌జెండర్లని ట్రాఫిక్ అసిస్టెంట్లుగా తీసుకున్నారు. మీ దగ్గర అలాంటి నియామకం ఎప్పుడొస్తుందో గానీ, అలాంటి పేషెంటు బండెక్కినప్పుడు పళ్ళికిలించని ఈఎంటీ ఈ రోజే కావాలి.

పాతవాళ్ళు సణుగుతారు. ‘భాష వచ్చినంత మాత్రాన సీపీఆర్ వచ్చేస్తుందా’ అంటారు. రాదు, నేర్పాలి. ట్రైనింగులో ఎవరికీ ఒక్క మార్కు తగ్గించకు. అందరికీ అదే బొమ్మ, అదే పరీక్ష. సణుగుడు సగం అక్కడే ఆగుతుంది, మిగతా సగం పట్టించుకోకు.

వచ్చే నెల ఆశా కార్యకర్తల మీటింగుకి నువ్వే వెళ్ళు. గూడేల పేర్లన్నీ వాళ్ళ నోట చెప్పించి రాసుకో. ఏడాదిగా ఒక్క ఫోనూ రానివాటి కింద గీత గీసి, ఆ కాగితం ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. వాటిలో కొన్ని ఊళ్ళ మంత్రసానులు నాకు తెలుసు. ముందు ఎవరింటికి వెళ్ళాలో చెబుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ