బేడలు ఉడికినంత మాత్రాన

అనంతపురం

చి. ల. సౌ. అమ్మాయికి,

కొత్తచెరువులో మీ ఇంటి ఆవరణలో బోరు వేయించారనీ, నీళ్లు తియ్యగా ఉన్నాయనీ, కందిబేడలు ఇట్టే ఉడికిపోతున్నాయనీ మీ నాయన చెప్పినాడు. ఈ సీమలో ఇంటి ముందర నీళ్లు పడటం కన్నా మంచి కబురు ఏముంటుంది! కానీ ఆ నీళ్లు తాగుతున్నారా, పాపకూ అవే పోస్తున్నారా అనేది చెప్పలేదు. తాగుతుంటే మాత్రం నీళ్లు పరీక్షకు పంపి, రిపోర్టు చేతికి వచ్చేదాకా ఆపు. స్నానాలకూ బట్టలకూ బోరు నీళ్లు వాడుకోండి. తాగడానికీ వంటకూ కొళాయి నీళ్లు పట్టుకోండి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో విను. మన ఆడవాళ్లు తరతరాలుగా నీళ్లను నాలుకతో పరీక్షించారు, బేడలతో పరీక్షించారు. ఉప్పునీ గట్టిదనాన్నీ పట్టుకోవడానికి అవి చాలు. ఫ్లోరైడు వాటికి దొరకదు. దానికి రంగు లేదు, వాసన లేదు, మన బోర్లలో ఉండే మోతాదుకు రుచీ తెలియదు. పైగా బేడలు తొందరగా ఉడికే నీళ్లలో కాల్షియం తక్కువ. కాల్షియం బాగా ఉన్నచోట అది ఫ్లోరైడుతో కలిసి గట్టిపడి నీళ్లలోంచి విడిపోతుంది. తక్కువైన చోట ఫ్లోరైడు నీళ్లలోనే నిలిచిపోతుంది. అందుకే ఊరంతా మెచ్చుకునే నీళ్లే ఒక్కోసారి ల్యాబులో చెడ్డ అంకె చూపిస్తాయి. నా ఉద్యోగమంతా నీళ్ల సీసాల మధ్యే గడిచింది. ఈ ఒక్క సంగతి ప్రతి తల్లికీ తెలియాలని నా కోరిక.

ఈ ఫ్లోరైడు ఏ ఫ్యాక్టరీయో కలిపిన విషం కాదు. మన కింద ఉన్నది గ్రానైటు జాతి రాయి, దాని ఖనిజాల్లోనే ఫ్లోరైడు ఉంటుంది. వాన తక్కువ కాబట్టి కొత్త నీరు దిగదు. పాత నీరు పగుళ్లలో ఏళ్లతరబడి రాయిని ఒరుసుకుంటూ ఆ ఫ్లోరైడును కరిగించుకుంటుంది. మన దేశంలో ఫ్లోరైడు వల్ల పళ్లకూ ఎముకలకూ వచ్చే జబ్బు గురించి డాక్టర్లు మొదట రాసింది కూడా తెలుగు నేల మీద చూసే: 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో. 1995-96లో సత్యసాయి ట్రస్టు అప్పటి మన అనంతపురం జిల్లాలో వందల ఊళ్లకు పైపులు వేసి తాగునీళ్లు ఇచ్చిందంటే, నీళ్ల కరువుతో పాటు ఈ ఫ్లోరైడు కూడా కారణమే.

పక్కింటి వాళ్ల బోరు రిపోర్టు బాగుందని నువ్వు ధైర్యపడొద్దు. రాతిలో పగుళ్లు ఎటు పోతాయో పైనుంచి తెలియదు. పది అడుగుల దూరంలో కూడా అంకె మారిపోవచ్చు. బంగ్లాదేశ్‌లో ఆర్సెనిక్ బయటపడినప్పుడు గొట్టపు బావులను ఒక్కొక్కటిగా పరీక్షించి, చెడ్డవాటికి ఎర్ర రంగు, మంచివాటికి ఆకుపచ్చ రంగు పూశారు. ఒకే వీధిలో రెండు రంగులూ కనిపించేవి. మన దగ్గరి బెడద ఫ్లోరైడే గానీ ఆ పద్ధతి మనకూ వర్తిస్తుంది: ఎవరి బోరుకు వాళ్లే పరీక్ష చేయించుకోవాలి.

నీళ్లు పట్టే తీరు జాగ్రత్త. మిద్దె మీది ట్యాంకు నుంచి వద్దు. మోటారు వేసి, పైపులో నిలవ ఉన్న నీరంతా పోయేదాకా వదిలి, బోరు నోటి దగ్గరే పట్టు. లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకో. సబ్బుతో కడగొద్దు, అదే నీళ్లతో మూడుసార్లు కడిగి, నిండుగా నింపి మూత బిగించు. తేదీ, బోరు లోతు సీసా మీద రాయి. చల్లగా ఉంచి మరుసటి రోజుకల్లా ల్యాబుకు చేర్చు, లేకపోతే నైట్రేటు అంకె తప్పుతుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుల్లో మామూలు జనం నీళ్లు కూడా తక్కువ రుసుముకు పరీక్షిస్తారు. జల్ జీవన్ మిషన్ కింద పల్లెల్లో ఆడవాళ్లకు ఇచ్చిన నీటి పరీక్ష కిట్టు ఉంటే ముందు దాంతో చూడు. అది రంగు చూసి వేసే అంచనా మాత్రమే. ల్యాబు రిపోర్టు వచ్చేదాకా తీర్మానించుకోవద్దు.

రిపోర్టులో నువ్వు మొదట చూడాల్సింది ఫ్లోరైడు. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మేలు. వేరే నీళ్లు లేనప్పుడు 1.5 వరకు పరవాలేదంటారు, ఆ పైన తాగకూడదు. నైట్రేటు 45 దాటకూడదు, దానికి ఏ సడలింపూ లేదు. మరుగుదొడ్డి గుంత, పేడదిబ్బ బోరుకు దగ్గరగా ఉంటే అదే పెరిగేది. నెలల పిల్లలకు ఆ నీళ్లతో పాలు కలిపితే రక్తం ప్రాణవాయువును సరిగ్గా మోయలేదు, ఒళ్లు నీలమెక్కుతుంది. మీ పాపకు పాలపళ్లు వస్తున్నాయి కదా, చిగుళ్ల లోపల అసలు పళ్లు ఇప్పుడే తయారవుతుంటాయి. ఎక్కువ ఫ్లోరైడు వాటి మీద వేసే మచ్చ జీవితాంతం పోదు. ఎముకల సంగతి ఇంకా ఆలస్యంగా తెలుస్తుంది, తెలిసేసరికి చేతిలో ఏమీ ఉండదు.

నీళ్లు కాచి తాగుతాం అంటావేమో. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడు, నైట్రేటు ఆవిరి కావు, నీరు తగ్గి ఇంకా చిక్కబడతాయి. బొగ్గు గింజల ఫిల్టరూ వాటిని పట్టదు. ఇంటికొచ్చి టీడీఎస్ మీటరు ముంచి భయపెట్టే అమ్మకందారుల మాట అసలు వినొద్దు. ఆ మీటరు మొత్తం లవణాలు ఎన్నో చెబుతుంది, అందులో ఫ్లోరైడు ఎంతో చెప్పలేదు. ఆర్వో ఫ్లోరైడును తీస్తుంది, నిజమే. కానీ ముందు రిపోర్టు, తర్వాత మిషను. అది బయటికి వదిలే నీళ్లు పశువులకు పెట్టొద్దు, వాటి పళ్లూ ఎముకలూ కూడా పాడవుతాయి. నాగపూరులోని నీరి సంస్థ మన నల్లగొండ పేరుతో తెచ్చిన పటిక, సున్నం పద్ధతి ఉంది గానీ, దానికి ఫ్లోరైడుతో పాటు ఆల్కలినిటీ అంకె కూడా తెలిస్తే తప్ప మోతాదు కుదరదు. కంటి అంచనాతో పటిక వేయొద్దు.

ఒక్కసారి చూపించి వదిలేయకు. ఈసారి ఎండాకాలం చివర, బోరు అడుగంటినప్పుడు ఒకటి, వానలు తగ్గాక ఒకటి. బోరు ఇంకా లోతుకు దింపితే అది వేరే బోరే అనుకుని మళ్లీ పంపు.

రిపోర్టు రాగానే ఫొటో తీసి నాకు పంపు. ఫ్లోరైడు, నైట్రేటు, టీడీఎస్, గట్టిదనం, ఆల్కలినిటీ, పీహెచ్ అన్నీ ఉన్నాయో లేదో చూడు. ఏ గడైనా ఖాళీగా ఉంటే అక్కడే నిలబడి అడిగి రాయించుకో.

ఇట్లు,
పెద్దనాయన