పూత వచ్చింది, చూశారా?

పిల్లలూ, ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక్కసారి కిటికీలోంచి బయటికి చూడండి. మీ ఇంటి ముందో, పార్కింగ్ లాట్‌లోనో, స్కూలు బస్సు ఆగే చోటో ఒక చెట్టు ఉండే ఉంటుంది. దాని కొమ్మల మీద ఇప్పుడు ఏముంది? మొగ్గలా, పువ్వులా, చిగుళ్ళా? జవాబు గుర్తుపెట్టుకోండి, తర్వాత పని ఉంది.

ఇప్పుడు ఈ సంభాషణ పైకి చదవండి. మనవరాలు వర్జీనియాలో ఉంటుంది, అమ్మమ్మ గుంటూరులో. ఇక్కడ శనివారం పొద్దున, అక్కడ సాయంత్రం.

అమ్మమ్మ: ఏం చేస్తున్నావు బంగారం? ఇక్కడ మన వేపచెట్టు పూసింది. వాకిలంతా పూతే! ఊడ్చిన చోటే మళ్ళీ రాలుతోంది.

మనవరాలు: ఇక్కడ కూడా పువ్వులు వచ్చాయి అమ్మమ్మా.

అమ్మమ్మ: ఏం చెట్టమ్మా అది?

మనవరాలు: తెలీదు. తెల్లగా ఉంటుంది. దగ్గరికి వెళ్తే చేపల వాసన!

అమ్మమ్మ: చేపల వాసన వేసే పువ్వా! ఏదీ, ఫోను పట్టుకుని కిందికి వెళ్ళి చూపించు.

మనవరాలు: ఇదిగో, చూడు.

అమ్మమ్మ: అబ్బ, ఎంత విరగబూసిందో! ఒక్క ఆకూ కనబడట్లేదు. చెట్టుని ఇంటి ముందే పెట్టుకుని పేరు తెలీదంటావేంటే! కనుక్కుని వచ్చే వారం చెప్పు.

ఆ చెట్టు పేరు కాలరీ పియర్. దీని స్వస్థలం చైనా చుట్టుపక్కల దేశాలు. బ్రాడ్‌ఫర్డ్ పియర్ అనే రకాన్ని అమెరికాలో వీధుల పక్కన లెక్కలేనన్ని నాటారు. చాలా చెట్ల కంటే ముందే, ఆకులు రాకముందే పూస్తుంది. దీని చిన్న కాయలను పక్షులు తిని గింజలు ఎక్కడెక్కడో వేస్తాయి. అలా అడవుల్లోకి పాకి, అక్కడి చెట్లకు చోటు లేకుండా చేస్తోంది. అందుకే ఒహాయోలో 2023 నుంచి, పెన్సిల్వేనియాలోనూ సౌత్ కెరొలైనాలోనూ 2024 నుంచి ఈ మొక్కల అమ్మకం నిషేధించారు. ఉన్న చెట్లు మాత్రం పూస్తూనే ఉన్నాయి. చూడటానికి చాలా బాగుంటాయి. ముక్కు మూసుకుని చూడాలి, అంతే!

చెట్టు చేసే పనులు

"పువ్వులు వచ్చాయి" అన్నా అమ్మమ్మకి అర్థమైంది. తప్పేమీ లేదు. కానీ చెట్టు చేసే ఒక్కో పనికీ తెలుగులో ఒక్కో మాట ఉంది. చెట్టు చిగురిస్తుంది, అంటే లేత ఆకులు వేస్తుంది. మొగ్గ తొడుగుతుంది. మొగ్గ విచ్చుకుంటే పువ్వు. చెట్టు పూసింది అంటాం, కొమ్మలు కనబడనంతగా పూస్తే విరగబూసింది అంటాం. మామిడి, వేప లాంటి చెట్ల మీద వచ్చే చిన్న చిన్న పువ్వులన్నిటినీ కలిపి పూత అంటాం. ఒక్క గులాబీని చేతిలో పట్టుకుని "ఇది పూత" అనం.

పూత రాలాక పిందె కనిపిస్తుంది. పిందె పెరిగితే కాయ, కాయ పండితే పండు. ఇంగ్లీషులో పచ్చి మామిడీ పండు మామిడీ రెండూ "మ్యాంగో"లే. మనకి మామిడికాయ వేరు, మామిడిపండు వేరు. పప్పులో వేసేది కాయ, చేతులు కారిపోయేలా తినేది పండు.

వాషింగ్టన్ చెర్రీ చెట్లు

అమెరికాలో పూత అనగానే చాలామంది వాషింగ్టన్ డీసీ పేరు చెబుతారు. అక్కడ టైడల్ బేసిన్ అనే నీటి మడుగు చుట్టూ చెర్రీ చెట్లు ఉన్నాయి. అవి టోక్యో నగరం పంపిన కానుక. మొదట 1910లో 2,000 మొక్కలు వచ్చాయి. వాటికి పురుగు పట్టిందని తెలిసి అన్నిటినీ కాల్చేయాల్సి వచ్చింది. కానుకగా వచ్చిన మొక్కల్ని కాల్చేశామని ఎలా చెప్పడం? రెండు దేశాల వాళ్ళకీ ఇబ్బందే. కానీ టోక్యో మేయరు యుకియో ఒజాకి కోపం తెచ్చుకోలేదు. మళ్ళీ 3,020 మొక్కలు పంపించారు. 1912 మార్చి 27న అధ్యక్షుడి భార్య హెలెన్ టాఫ్ట్, జపాన్ రాయబారి భార్య చెరొక మొక్కా నాటారు.

తర్వాతి సంగతి నాకు ఇంకా ఇష్టం. ఈ మొక్కల తల్లిచెట్లు టోక్యోలో అరకావా నది ఒడ్డున ఉండేవి. యుద్ధకాలంలో అవి దెబ్బతిన్నాయి. అప్పుడు 1952లో వాషింగ్టన్ చెట్ల నుంచి కొమ్మలు కోసి, అంటు కట్టుకోవడానికి జపాన్‌కి పంపారు. పిల్లచెట్లు తల్లిచెట్ల ఊరికి తిరిగి వెళ్ళాయన్నమాట!

అక్కడ ఎక్కువగా ఉండేవి యొషినో రకం చెట్లు. పువ్వుకి ఐదు రేకులు. విచ్చుకున్నప్పుడు లేత గులాబీ రంగు, తర్వాత తెలుపు. యొషినో పూల్లో 70 శాతం విచ్చుకున్న రోజుని "పీక్ బ్లూమ్" అంటారు. 2023లో అది మార్చి 23న వచ్చింది. మన ఉగాది దానికి ముందు రోజే, మార్చి 22న. 2024లో పూలు మార్చి 17నే విరబూశాయి, ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. ఎందుకంత తేడా? ఉగాది చంద్రుణ్ణి బట్టి వస్తుంది, పూలు ఎండ వేడిని బట్టి వస్తాయి.

మరి ఉగాది పచ్చడిలోకి వేపపువ్వు? వేపచెట్టు గడ్డకట్టే చలికి తట్టుకోలేదు, అందుకే వర్జీనియాలో బయట పెరగదు. ఇండియన్ స్టోర్‌లో ఎండబెట్టిన వేపపువ్వు దొరుకుతుంది. అది లేదని వీధిలో పూసిన పువ్వేదో కోసి పచ్చట్లో వేయకండి! పేరు తెలియని పువ్వుని నోట్లో పెట్టుకోకూడదు. టైడల్ బేసిన్ దగ్గరైతే పువ్వు కోయడమే నిషేధం.

చేసి చూడండి

1. కిటికీలోంచి చూసిన చెట్టు దగ్గరికి వెళ్ళండి. దాని పేరు కనుక్కోండి. పువ్వుకి ఎన్ని రేకులు? వాసన ఉందా? ముందు ఆకు వచ్చిందా, పువ్వు వచ్చిందా?

2. వారం రోజులు రోజుకో వాక్యం రాయండి. ఉదాహరణ: "సోమవారం: మొగ్గ తొడిగింది. గురువారం: సగం మొగ్గలు విచ్చుకున్నాయి. ఆదివారం: వాన పడి పూలన్నీ రాలిపోయాయి."

3. ఖాళీలు పూరించండి: మా వేపచెట్టు ______ (పూసింది / కాసింది), వాకిలంతా పూత రాలింది. పిందె పెరిగి ______ (కాయ / మొగ్గ) అయింది.

4. మీ అమ్మమ్మకో, తాతయ్యకో, నానమ్మకో ఫోన్ చేసి "మీ దగ్గర ఏం పూసింది?" అని అడగండి. వాళ్ళు చెప్పిన చెట్లలో మీరు ఎప్పుడూ వినని పేరు ఒకటి ఇక్కడ రాయండి: ____________