కిటికీ ఉండగా ఫోనెందుకు?

ప్రశ్న: మాకు తొమ్మిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప. సెలవులొస్తే హైదరాబాద్ నుంచి బందరులోని అమ్మావాళ్లింటికి కారులోనే వెళ్తాం. చేతికి ఫోన్ ఇస్తే చౌటుప్పల్ దాటేసరికే పాపకు వాంతి. ఇవ్వకపోతే ఇద్దరూ కొట్టుకుంటారు, ‘ఇంకెంత దూరం’ అని ప్రాణం తీస్తారు. రంగుల పుస్తకాలు కొనిచ్చినా పది నిమిషాలే. అంత దూరం వీళ్లకు కాలక్షేపం ఎలా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు రాసినవి వేర్వేరు బాధల్లా ఉన్నా మూలం ఒకటే. పిల్లల చూపు కారులోనే చిక్కుకుపోతోంది. ముందు వాంతి సంగతి చూద్దాం. మనం కదులుతున్నామని లోపలి చెవి మెదడుకు చెబుతూ ఉంటుంది. కళ్లు ఫోన్ మీదే ఉంటే కదలడం లేదని అవి చెబుతాయి. ఈ రెంటికీ పొత్తు కుదరకే కడుపులో తిప్పుతుంది. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లల్లో ఇది ఎక్కువ. రంగుల పుస్తకమైనా, కథల పుస్తకమైనా తల వంచి చూసేదే కాబట్టి ఫోన్‌కు అది మందు కాదు. దూరంగా రోడ్డు మీదికి, పొలాల మీదికి చూపు మళ్లితే కన్ను, చెవి ఒకే మాట చెబుతాయి. అందుకే కాలక్షేపాన్ని సంచిలో మోసుకెళ్లకుండా, కిటికీ బయట వెతకమంటాను. అప్పటికీ వాంతులు ఆగకపోతే పిల్లల డాక్టర్ని అడగండి. మందుల షాపులో అడిగి తెచ్చిన మాత్ర మాత్రం వేయకండి.

‘బయటకు చూడమంటే వీళ్లు చూస్తారా’ అని మీరు అనొచ్చు. ఊరికే చూడమంటే చూడరు, నిజమే. ఫలానాది వెతకమంటే చూస్తారు. ఐదేళ్ల పాపకు గంటల లెక్క తెలియదు. మూడు గంటలన్నా, ఐదు గంటలన్నా తనకొకటే. అందుకే ‘ఇంకెంత దూరం’ అని అన్నిసార్లు అడుగుతుంది. ఆ దూరాన్ని కంటికి కనబడే గుర్తులుగా విడగొట్టండి. మీ దారిలో నకిరేకల్ దాటాక మూసీ, కోదాడ దాటాక పాలేరు, నందిగామ దాటాక మున్నేరు వస్తాయి. మూడూ కృష్ణలో కలిసేవే. విజయవాడ ఊళ్లోంచి వెళ్తే కనకదుర్గ ఫ్లైఓవర్ మీంచి ఆ కృష్ణే కనబడుతుంది. ‘రెండు ఏర్లు దాటాం, ఇంకొకటి ఉంది’ అని పాప తనే చెప్పగలిగితే మిమ్మల్ని అడగాల్సిన పని తగ్గుతుంది. ఏట్లో నీళ్లున్నాయా, ఇసుకేనా అన్నది ఇంకో ప్రశ్న.

ఇద్దరి వయసుల్లో తేడా ఉంది, ఒకే ఆట ఎలా కుదురుతుందన్నది మరో సందేహం. బండ్ల నంబరు పలకలు ఇద్దరికీ పనికొస్తాయి. పాప రంగులు చూస్తుంది. సొంత కార్లకు తెలుపు, ట్యాక్సీలకూ లారీలకూ పసుపు, కరెంటు బండ్లకు ఆకుపచ్చ. బాబు అక్షరాలు చూస్తాడు. తెలంగాణ బండ్లకు 2014 నుంచి టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. మరి నల్గొండ జిల్లాలో తిరిగే పాత లారీకి ఏపీ అని ఎందుకుంది? ఆ ఒక్క ప్రశ్నతో రాష్ట్ర విభజన దాకా మాట సాగుతుంది. వాళ్లిద్దరికీ పోటీ మాత్రం పెట్టకండి. పోటీ పెడితే చిన్నదే ఓడుతుంది, గొడవ మళ్లీ మొదలు. ఇద్దరినీ ఒక జట్టు చేసి, మీరు రెండో జట్టుగా ఉండండి.

ఇదంతా జరగాలంటే పాపకు బయట కనబడాలి కదా. మామూలు సీట్లో కూర్చున్న ఐదేళ్ల పిల్లకు కనిపించేది ముందు సీటు వీపే. ఎత్తు పెంచే బూస్టర్ సీటు వేస్తే కిటికీ అందుతుంది, బెల్టు కూడా మెడకు కాక భుజానికి సరిగ్గా పడుతుంది. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకపోతే 2019 మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం వెయ్యి రూపాయల జరిమానా. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ముద్దే గానీ, గట్టిగా బ్రేకు పడితే ఏ తల్లి చేతులూ బిడ్డను ఆపలేవు.

అంతసేపు పిల్లలతో ఆడే ఓపిక ఎవరికుంటుంది అంటారా? అంతసేపూ ఆడనక్కర్లేదు. కాసేపు ఆట, కాసేపు పొడుపు కథలు, కాసేపు స్పీకర్లో కథ. వినడానికి కళ్లతో పనిలేదు కాబట్టి కడుపులో తిప్పదు. మధ్యలో ఏమీ తోచక ఊరికే కూర్చున్నా నష్టం లేదు, అందులోంచే వాళ్ల సొంత ఆట పుడుతుంది. ఫోన్‌ను పూర్తిగా నిషేధించమని కూడా అనను. చిక్కంతా బండి కదులుతున్నప్పుడే. సంక్రాంతి రద్దీలో పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరి ఆగిపోతే, ఆ కాసేపు ఇవ్వండి. బండి కదలగానే తీసుకోండి. ఈ నియమం ఇంట్లో బయలుదేరక ముందే చెప్పాలి, దారిలో కాదు.

ప్రశ్న: ఇంత శ్రమ ఎందుకు? రాత్రి భోజనాలయ్యాక బయలుదేరితే పిల్లలు హాయిగా నిద్రపోతారు కదా!
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పిల్లలు నిద్రపోతారు, నిజమే. నిద్ర రాకూడనిది నడిపేవారికి. అర్ధరాత్రి దాటాక, ముఖ్యంగా తెల్లవారుజామున, ఎంత అలవాటున్న డ్రైవరుకైనా ఒళ్లు నిద్ర కోరుతుంది. వెనక లైట్లు లేకుండా రోడ్డు పక్కన ఆపిన లారీలు ఆ వేళ కనబడవు. పైగా నిద్రపోయే పిల్లలకు బెల్టు తీసి సీటు మీద పడుకోబెడతాం. పిల్లల అల్లరి తప్పించుకోవడానికి ఇంత ప్రమాదం కొనితెచ్చుకోవడం సరికాదు. తెల్లారుతూనే బయలుదేరండి. మొదటి గంట వాళ్లు ఎలాగూ మగతగానే ఉంటారు, ఆ తర్వాత టిఫిను వేళవుతుంది. మిగతా దారికి కిటికీ ఉంది. ముందు సీట్లో కూర్చునే పెద్దవారు ఒకరు ఈసారి వెనక సీట్లోకి మారండి. ఫోన్ కంటే పిల్లలకు కావలసింది ఆ మనిషే.